పోక్ 53280,0 గుర్తున్నవాళ్లు ఇటు రండి

లైన్10 | శనివారం, రాత్రి 9:05

బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పీక్, పోక్ కొడుతూ పెరిగినవాళ్లు ఇక్కడ నలుగురైనా ఉంటారని ఈ చర్చ మొదలుపెడుతున్నా. బడిలో బట్టీపట్టిన పద్యాల్లో ఒక్కటీ ఇప్పుడు పూర్తిగా రాదు. కమడోర్ 64 అనే ఆనాటి ఇంటి కంప్యూటర్ అంకెలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. 53280 అంచు రంగు, 53281 లోపలి రంగు, 1024 దగ్గర తెర మొదలు, 54296 సౌండ్ వాల్యూమ్.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పోక్ అంటే మెమరీలో ఫలానా నంబరు గడిలో ఫలానా విలువ పెట్టమని. పీక్ అంటే ఆ గడిలో ఇప్పుడేముందో చెప్పమని. గడుల నంబర్లు 0 నుంచి 65535 దాకా, ఒక్కో గడిలో పట్టేది 0 నుంచి 255 దాకా. అడ్డుకునేవాడు ఎవడూ లేడు.

నా ప్రశ్న ఏంటంటే, అప్పుడు మనం ఏం జరుగుతోందో తెలిసే చేశామా, లేక పత్రికల్లో ఉన్న అంకెలు చూసి దించామా? మావాడు ఈ మాటే అడిగాడు. ఠక్కున జవాబు రాలేదు.

బోర్డర్‌బాబు | శనివారం, రాత్రి 9:31

మొదట్లో మంత్రాలే గురువుగారూ. అర్థం తెలియకుండా చదివితే పని చేసే మంత్రాలు. నాకు లైటు వెలిగింది మాత్రం బంతి ప్రోగ్రాంతో.

తెర మీద 40 నిలువు వరసలు, 25 అడ్డం వరసలు, మొత్తం 1000 గడులు. 1024లో 81 పెడితే ఎడమ పై మూల నిండు బంతి కనిపిస్తుంది. దాన్ని చెరిపి 1025లో పెడితే ఒక అడుగు కుడికి. 40 కలిపితే సరిగ్గా కింది వరసలోకి దిగుతుంది. ఈ 40 కలపడం ఎవరూ చెప్పలేదు, చేస్తూ ఉంటే తెలిసింది. తెర అనేది వేరే వస్తువేం కాదని, మెమరీలో ఒక ముక్కనే వీడియో చిప్ పదే పదే చదివి చూపిస్తోందని అప్పుడు అర్థమైంది.

బంతిని ఆపకుండా వదిలేస్తే ఏమయ్యేదో చెప్పండి? 2023 దాటి పోతుంది. 2040 నుంచి స్ప్రైట్ పాయింటర్లు (తెర మీద కదిలే బొమ్మల డేటా ఎక్కడుందో చెప్పే గడులు), 2049 నుంచి మన బేసిక్ ప్రోగ్రామే. అంటే బంతి దొర్లుకుంటూ పోయి, తనని దొర్లిస్తున్న ప్రోగ్రాం లైన్లనే తినేసేది. ప్రోగ్రాం చూపించమని లిస్ట్ కొడితే లైన్ 10 ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు. అంతకంటే గొప్ప పాఠం ఏ మాస్టారు చెప్తారు?

జడ్80 | శనివారం, రాత్రి 9:48

స్పెక్ట్రమ్ కంప్యూటర్ తరఫున హాజరు. మాకు తెర 16384 నుంచి మొదలు. 6144 బైట్లు చుక్కలకి, 22528 నుంచి 768 బైట్లు రంగులకి.

కానీ మా తెర మీ తెరలా బుద్ధిమంతురాలు కాదు. 16384 నుంచి వరసగా 255 పెడుతూ పోతే మొదటి 32 బైట్లకి పైన ఒక సన్న గీత పడుతుంది. తర్వాతి గీత దాని కిందే రావాలి కదా? రాదు. ఎనిమిది గీతలు దిగి పడుతుంది. అలా తెరలో మూడో వంతు దాకా దిగి, మళ్లీ పైకొచ్చి రెండో గీత గీస్తుంది. ఆ మూడో వంతు నిండాకే కింది భాగానికి వెళ్తుంది. క్యాసెట్ నుంచి గేమ్ లోడ్ అయ్యేటప్పుడు బొమ్మ అలా చారలు చారలుగా వచ్చి, చివర్లో ఒక్కసారిగా రంగు పూసుకునేది దీనివల్లే. రంగుల బైట్లు ఆఖర్న ఉన్నాయి మరి.

ఎందుకలా పెట్టారో పెద్దయ్యాక తెలిసింది. ఒక అక్షరం ఎనిమిది గీతలు. ఒక గీత నుంచి దాని కింది గీతకి వెళ్లాలంటే అడ్రస్ పై బైటుకి 1 కలిపితే చాలు. ప్రాసెసర్‌కి అది ఒక్క ఆజ్ఞ. మనకి తలనొప్పి, దానికి సుఖం.

సెగ్మెంట్‌శాస్త్రి | శనివారం, రాత్రి 10:20

నేను కొంచెం ఆలస్యంగా పుట్టినవాణ్ని, నాది పీసీల్లో నడిచే జీడబ్ల్యూ బేసిక్ బ్యాచ్. మాకు పోక్ ఒక్కటే సరిపోదు, మెమరీలో ఏ ముక్కలో రాయాలో ముందు డెఫ్ సెగ్‌తో చెప్పాలి.

డెఫ్ సెగ్ = &హెచ్‌బీ800
పోక్ 0,65
పోక్ 1,78

పై మూలలో ఎర్ర నేపథ్యం మీద పసుపు రంగు ఏ (A) అక్షరం. సరి అడ్రస్‌లో అక్షరం, బేసి అడ్రస్‌లో రంగు. 78కి బదులు 206 ఇస్తే మిణుకుమిణుకుమంటుంది. మా ల్యాబ్‌లో సగం మానిటర్లు మోనోక్రోమ్. వాటిలో తెర మెమరీ బీ000 దగ్గర ఉంటుంది. పక్కవాడి మిషన్‌లో పనిచేసిన ప్రోగ్రాం మన దగ్గర నల్లగా కూర్చునేది, కారణం ఎవరికీ తెలిసేది కాదు. డెఫ్ సెగ్ లైన్ మర్చిపోతే ఇంకా మజా. ఆ పోక్ వెళ్లి జీడబ్ల్యూ బేసిక్ సొంత డేటాలో పడేది, మిషన్ బిగుసుకుపోయేది.

ఇక అందరూ చేసిన అల్లరి:

డెఫ్ సెగ్ = 0: పోక్ 1047, పీక్(1047) ఆర్ 64

క్యాప్స్ లాక్ దానంతటదే పడుతుంది. దీన్ని లూప్‌లో పెట్టి వెళ్లిపోతే తర్వాత కూర్చున్నవాడు కీబోర్డు పాడైందని కంప్లయింట్ ఇచ్చేవాడు.

అసలు ప్రశ్నకి నా జవాబు మాత్రం మీకు నచ్చకపోవచ్చు. మనం నేర్చుకున్నది కంప్యూటర్లని కాదు, ఒక్క మోడల్ మిషన్‌ని. 53280 నాకు సున్నా. బీ800 బాబు గారికి సున్నా. బీబీసీ మైక్రో కంప్యూటర్ బేసిక్‌లో పీక్, పోక్ మాటలే లేవు, ప్రశ్నార్థకం గుర్తుతో ఆ పని చేసేవారు. పైగా దాని తయారీదార్లు తెర మెమరీలోకి నేరుగా రాయొద్దు, ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా వెళ్లండి, లేకపోతే రెండో ప్రాసెసర్ తగిలించినప్పుడు మీ ప్రోగ్రాం నడవదు అని మొత్తుకునేవారు. వాళ్లదే సరైన దారి. మనది చెడు అలవాటు, సరదాగా ఉండింది కాబట్టి ముద్దు చేస్తున్నాం.

బోర్డర్‌బాబు | శనివారం, రాత్రి 10:34

శాస్త్రి గారూ, అడ్రస్ మారితే పాఠం మారిపోతుందా? మీ సరి బేసి లెక్క, నా 40 లెక్క, జడ్80 చారల లెక్క, మూడూ చెప్పేది ఒకటే. తెర అంటే మెమరీ. ఇది తెలిసినవాడికి కొత్త మిషన్ ఇస్తే మొదట అడిగేది "దీనికి తెర ఎక్కడుంది?" అనే.

ఇంకొకటి. బైనరీ నాకు ఏ క్లాసులోనూ ఎక్కలేదు, స్ప్రైట్లతో ఎక్కింది. స్ప్రైట్ అంటే 24 చుక్కల వెడల్పు, 21 ఎత్తు. గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, ఎనిమిది గళ్లకి ఒక బైటు చొప్పున నింపిన గళ్ల విలువలు కూడాలి. 128, 64, 32, 16, 8, 4, 2, 1. ఒక్క బొమ్మకి 63 అంకెలు. వాటిని డేటా లైన్లలో పెట్టి, 832 నుంచి పోక్ చేసి, పాయింటర్‌లో 13 పెట్టాలి. ఎందుకంటే 13 ఇంటూ 64 అంటే 832. తర్వాత 53269తో ఆన్ చేయాలి.

బొమ్మ కుడికి నడుస్తూ నడుస్తూ 255 దగ్గర ఆగేది. తెర వెడల్పు 320, బైటులో పట్టేది 255. ఇల్లీగల్ క్వాంటిటీ ఎర్రర్. తొమ్మిదో బిట్ 53264లో విడిగా ఉంటుందని తెలిసేదాకా నా విమానాలన్నీ తెరలో ముప్పావు భాగమే ఎగిరాయి. ఇది బట్టీ అంటారా?

జడ్80 | శనివారం, రాత్రి 10:41

మాకు అంత ఖర్మ లేదు. పోక్ యూఎస్ఆర్ "ఏ", బిన్ 00011000 అని బిట్లు బిట్లుగానే రాసుకోవచ్చు. కూడికలు మీ పేద కమడోర్‌కే.

బోర్డర్‌బాబు | శనివారం, రాత్రి 10:44

ఆ బిన్ పెట్టుకుని ఒక్క స్ప్రైట్ లేదు మీకు. పాపం.

మోడరేటర్ | శనివారం, రాత్రి 10:52

ఈ గొడవ 1982లో మొదలైంది, ఇక్కడ తేలదు. విషయంలోకి రండి.

నిశిత_కోడ్ | ఆదివారం, ఉదయం 8:15

నేను పుట్టేనాటికి ఇవన్నీ మ్యూజియంలో ఉన్నాయి, కాబట్టి ఒక డౌట్. మీరంతా ఏ గడిలోకైనా రాసేవాళ్లు అంటున్నారు. నేను సీ భాషలో ఒక పాయింటర్‌కి (అడ్రస్ దాచుకునే వేరియబుల్) 1024 ఇచ్చి రాస్తే వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రాం చస్తుంది. అంటే ఇప్పటి మిషన్లలో ఆ గడి లేదా, లేక నన్ను రానివ్వట్లేదా? ఇంకో డౌట్, అప్పట్లో తప్పు గడిలో పోక్ చేస్తే మిషన్ కాలిపోయేదా?

చిప్‌చంద్రిక | ఆదివారం, ఉదయం 9:40

మొదటిదానికి నేను చెప్తాను నిశితా. గడి ఉంది, కానీ నువ్వు 1024 అన్నది అసలు 1024 కాదు. ఇప్పుడు ప్రతి ప్రోగ్రాంకీ తన సొంత అడ్రసుల జాబితా ఉంటుంది. నీ 1024ని నిజమైన మెమరీలో ఎక్కడికి పంపాలో పేజీ టేబుల్ చూసి ప్రాసెసర్ నిర్ణయిస్తుంది. ఆ టేబుల్ రాసేది ఆపరేటింగ్ సిస్టమ్. నీ ప్రోగ్రాంకి అక్కడ ఏమీ కేటాయించలేదు కాబట్టి ప్రాసెసర్ ఆగి సిస్టమ్‌ని పిలుస్తుంది, సిస్టమ్ నీ ప్రోగ్రాంని చంపుతుంది. అప్పటి 6502, జడ్80 ప్రాసెసర్లలో ఈ ఏర్పాటే లేదు. అడ్రస్ తీగలు 16, వాటి మీద ఏ అంకె పెడితే ఆ గడే.

ఆ పాత రోజులు పూర్తిగా పోలేదు కూడా. ఆర్డుయినో ఊనో అనే చిన్న ఎలక్ట్రానిక్స్ బోర్డు తీసుకో. డేటా మెమరీలో 36వ గడిలో 32 పెడితే 13వ పిన్ అవుట్‌పుట్ అవుతుంది. 37లో 32 పెడితే బోర్డు మీది ఎల్ఈడీ వెలుగుతుంది. నేను రోజూ ఉద్యోగంలో చేసేది ఇదే, పేరు మారి రిజిస్టర్ అయింది. సీలో అయితే ఆ పాయింటర్‌కి వోలటైల్ అని తప్పకుండా రాయాలి. లేకపోతే కంపైలర్ "ఈ విలువ ఎవరూ వాడట్లేదు కదా" అని ఆ లైన్ తీసేసే ప్రమాదం ఉంది. బేసిక్ ఇంటర్‌ప్రెటర్‌కి అంత తెలివి లేదు, అదే దాని అందం.

ఆ వోలటైల్ సంగతి కొత్తగా చేరేవాళ్లకి ఎంత చెప్పినా ఎక్కదు. పోక్ కొట్టి పెరిగినవాళ్లకి అసలు చెప్పక్కర్లేదు. చదివితే చాలు విలువ మారే గడులు వాళ్లు చిన్నప్పుడే చూశారు. కాబట్టి శాస్త్రి గారితో నేను సగమే ఏకీభవిస్తాను.

లైన్10 | ఆదివారం, ఉదయం 10:02

చదివితే మారే గడులంటే నాకు వెంటనే గుర్తొచ్చేది ఆపిల్ 2. ఎక్స్=పీక్(-16336) అంటే స్పీకర్ టిక్ అంటుంది. ఆ గడిని తాకడమే స్పీకర్ పొరని ఒకసారి కదిలించడం. అక్కడి నుంచి వచ్చే విలువ ఎవడికీ అక్కర్లేదు. లూప్‌లో గబగబా చదివితే టిక్‌లు కలిసిపోయి బర్రుమని మోగేది.

మైనస్ అడ్రస్ ఏంటని అడుగుతారేమో. దాని మొదటి ఇంటీజర్ బేసిక్‌లో అంకెలు 32767 దాటవు. కాబట్టి పై సగం అడ్రసులన్నీ మైనస్‌లో చెప్పాలి. 65536లోంచి 16336 తీసేస్తే 49200, అసలు అడ్రస్ అది.

కమడోర్ 64లో కూడా ఒకటుంది. స్ప్రైట్లు గుద్దుకున్నాయా అని చెప్పే 53278ని ఒకసారి చదివితే అది ఖాళీ అయిపోతుంది. రెండు ఇఫ్‌లలో రెండుసార్లు పీక్ చేస్తే రెండోదానికి సున్నా వచ్చేది. చదివి ఒక వేరియబుల్‌లో దాచుకోవాలి.

బోర్డర్‌బాబు | ఆదివారం, ఉదయం 11:18

నిశిత రెండో ప్రశ్నకి. మామూలుగా అయితే ఏం కాలేదు. స్విచ్ ఆపి వేస్తే కొత్త పెళ్లికూతురిలా లేచేది. ధైర్యంగా కెలకగలిగామంటే కారణం అదే. కంగారుపడాల్సింది సేవ్ చేయని ప్రోగ్రాం గురించే.

ఒక్కటి మాత్రం నిజంగా ప్రమాదం. కమడోర్ పెట్ తొలి మోడల్ 1977లో వచ్చింది. అందులో తెర మీద అచ్చు వేసేముందు ప్రతిసారీ తెర సంకేతం కోసం కాస్త ఆగేది. పోక్ 59458,62 కొడితే ఆ ఆగడం పోయి ప్రింట్ వేగం పెరిగేది. అందరూ వాడారు. తర్వాతి మోడళ్లలో తెరని నడిపే సర్క్యూట్ మార్చారు. పాత ప్రోగ్రాం అదే పోక్‌తో కొత్త మిషన్‌లో నడిపితే మానిటర్ సర్క్యూట్ దెబ్బతినే అవకాశం వచ్చింది. కిల్లర్ పోక్ అని పేరు పడింది దీనికే.

సెగ్మెంట్‌శాస్త్రి | ఆదివారం, మధ్యాహ్నం 12:05

చూశారా! నేను చెప్పిందే ఇది. మోడల్ మారితే అదే అంకె ఇంకో పని చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా వెళ్లి ఉంటే మానిటర్ బతికేది.

జడ్80 | ఆదివారం, మధ్యాహ్నం 12:40

బతికేది శాస్త్రి గారూ, కానీ ప్రింట్ నత్తనడక నడిచేది. ఆ రోజుల్లో బేసిక్ వేగం మీకు గుర్తులేదా? నేరుగా రాయడం షోకు కాదు, అవసరం.

మా దగ్గర గడియారం కూడా పీక్‌తోనే. 23672, 23673, 23674 మూడు గడులు, సెకనుకి 50 చొప్పున పెరిగే లెక్క. మొదటిది, రెండోదాన్ని 256తో, మూడోదాన్ని 65536తో హెచ్చించి కూడి 50తో భాగిస్తే మిషన్ ఆన్ చేసి ఎన్ని సెకన్లయిందో వస్తుంది. బీప్ మోగుతున్నంతసేపు మాత్రం ఆ గడియారం ఆగిపోయేది, ఎందుకంటే బీప్ అప్పుడు ఆ లెక్క పెంచే ఇంటరప్ట్‌లు ఆపేసేవారు. పాట వాయిస్తూ టైమ్ కొలిచే గేమ్ రాస్తే ఆటగాడికి ఎప్పుడూ లాభమే. పెద్ద అంకెని రెండు మూడు బైట్లుగా విడగొట్టి చిన్నది ముందు పెడతారని నాకు తెలిసింది ఇక్కడే.

బోర్డర్‌బాబు | ఆదివారం, మధ్యాహ్నం 1:25

ఇంకో అద్భుతం చెప్పి ఊరుకుంటా. ఈ లైన్ చూడండి.

ఫర్ ఐ=40960 టు 49151: పోక్ ఐ,పీక్(ఐ): నెక్స్ట్

ఉన్న విలువ చదివి అదే గడిలో అదే విలువ పెట్టడం. పిచ్చి పనిలా ఉంది కదా? కమడోర్ 64లో ఆ అడ్రసుల్లో పైన బేసిక్ రోమ్ (మార్చడం కుదరని మెమరీ), దాని కింద ర్యామ్ (రాయగలిగే మెమరీ), రెండూ ఉన్నాయి. చదివితే రోమ్ పలుకుతుంది, రాస్తే కింది ర్యామ్‌లోకి పోతుంది. 8192 గడులు, దాదాపు నిమిషం పాటు మిషన్ ఉలకదు పలకదు. అయ్యాక పోక్ 1,54 కొడితే రోమ్ పక్కకి తప్పుకుంటుంది. మనం ఇప్పుడు కాపీ చేసిన బేసిక్‌తో నడుస్తుంటాం, పైకి తేడా ఏమీ తెలియదు.

కానీ అది ర్యామ్ కాబట్టి మార్చుకోవచ్చు! కీవర్డుల జాబితా పీక్‌తో వెతికితే దొరుకుతుంది. ప్రతి మాటలో చివరి అక్షరానికి 128 కలిపి ఉంటుంది, మాట అక్కడితో అయిపోయిందని గుర్తు. ప్రింట్ అనే అయిదక్షరాల చోట మా తమ్ముడి పేరు పెట్టాను. ఇక ప్రోగ్రాంలో ప్రింట్ ఉన్న ప్రతి లైన్‌లోనూ లిస్ట్ కొడితే వాడి పేరే. వాడు నమ్మలేదు, మిషన్‌కి తన పేరెలా తెలిసిందని. పాత ప్రోగ్రాంల్లో కూడా పేరు మారిందేంటని అడిగాడు. మెమరీలో ఆ మాట ఉండదు, దాని బదులు ఒక్క బైటు గుర్తు ఉంటుందని, లిస్ట్ కొట్టినప్పుడే దాన్ని మాటగా మారుస్తుందని వాడికి చెప్పడానికి నేను ముందు తెలుసుకోవాల్సొచ్చింది. లైన్10 గారి ప్రశ్నకి ఇదే నా సాక్ష్యం.

లైన్10 | ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఒప్పుకున్నా. ఆ లెక్కన న్యూ అనే ఆజ్ఞ కొడితే ప్రోగ్రాం చెరిగిపోదని తెలుసుకున్నది కూడా పీక్‌తోనే. 2049, 2050లో సున్నాలు పెట్టి కొన్ని పాయింటర్లు వెనక్కి తిప్పుతుంది, అంతే. మిగతా లైన్లన్నీ అలాగే ఉంటాయి. పోక్ 2050,8 కొట్టి సిస్ 42291 (రోమ్‌లో ఆ చోట ఉన్న ప్రోగ్రాం ముక్కని నడిపే ఆజ్ఞ) అంటే లిస్ట్‌లో అన్నీ తిరిగొస్తాయి. సేవ్ చేసేముందు, ఒక్క వేరియబుల్ కూడా వాడకముందే, ప్రోగ్రాం ఎక్కడ ముగుస్తుందో చెప్పే 45, 46 గడులు సరిచేసుకోవాలి. అది మర్చిపోతే తిరిగొచ్చిన ప్రోగ్రాం మళ్లీ పోతుంది.

సెగ్మెంట్‌శాస్త్రి | ఆదివారం, మధ్యాహ్నం 2:30

తమ్ముడి పేరు కథకి నా దగ్గర జవాబు లేదు. కానీ పోర్టబిలిటీ (ఒకే ప్రోగ్రాం వేరే మిషన్లలోనూ నడవడం) విషయంలో తగ్గేదే లేదు.

నిశిత_కోడ్ | ఆదివారం, సాయంత్రం 5:55

కమడోర్ 64 ఎమ్యులేటర్ (పాత మిషన్‌ని అనుకరించే ప్రోగ్రాం) వేసుకున్నాను. 38911 బైట్లు ఫ్రీ అని వచ్చింది. 53280 పనిచేసింది, అంచు నల్లగా అయింది! కానీ తెర చెరిపి పోక్ 1024,1 కొడితే అక్షరం ఏదీ కనిపించట్లేదు. 65 కూడా పెట్టి చూశాను.

బోర్డర్‌బాబు | ఆదివారం, సాయంత్రం 6:03

వచ్చిందమ్మా, నీకు కనిపించట్లేదంతే. కొన్ని రోమ్ వెర్షన్లలో తెర చెరిపినప్పుడు రంగుల గడులన్నీ నేపథ్యం రంగుకి మారతాయి. నీలం మీద నీలం అక్షరం. పోక్ 55296,1 కూడా కొట్టు, తెల్లగా తేలుతుంది. 1024లో 1 పెడితే ఏ (A) అక్షరం, 65 పెడితే వేరే గుర్తు వస్తుంది. ఇవి తెర కోడ్‌లు, మామూలుగా అక్షరాలకి వాడే ఆస్కీ అంకెలు కాదు.

నిశిత_కోడ్ | ఆదివారం, సాయంత్రం 6:11

కనిపించింది!! ఇప్పుడు ప్రింట్ పీక్(55296) అంటే 1 రావాలి కదా, 241 అంటోంది. మళ్లీ కొడితే ఇంకో అంకె.

చిప్‌చంద్రిక | ఆదివారం, సాయంత్రం 6:20

ఆ రంగుల మెమరీ గడికి నాలుగు బిట్లే ఉన్నాయి. పై నాలుగింటికి అక్కడ తీగే లేదు, ఆ క్షణంలో బస్ (చిప్‌లని కలిపే తీగలు) మీద ఏది తిరుగుతుంటే అది వస్తుంది. ప్రింట్ పీక్(55296) ఆండ్ 15 అని అడుగు, కింది నాలుగు బిట్లే వస్తాయి.